బాబాయికి నేనే చెప్తాను

నాన్నకి, అమ్మకి,

నేనిక్కడ జర్మనీలో, గోటింగెన్‌లో క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేంటి అనుకుంటారేమో. ఫోన్లో అయితే మీరు మధ్యలో "సరేలే, పోనీలే" అంటారు. నాకు గొంతు పట్టేస్తుంది. అసలు విషయం అక్కడే ఆగిపోతుంది. ఆదివారం జరిగింది అదే.

పోయిన నెల కొత్తదేదో దొరికిందని చెప్పాను కదా. దొరకలేదు నాన్నా. నా కోడ్‌లో ఒక మైనస్ గుర్తు తప్పు పడింది. నాలుగు నెలల పని అది.

మీరు బాబాయికి చెప్పేశారని తెలుసు. బాబాయి ఎంతమందికి చెప్పుంటాడో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

సంగతేంటంటే, సిగ్నస్ ఎక్స్-1 అనే బ్లాక్‌హోల్ చుట్టూ తిరిగే వాయువులో ఇనుము ఉంటుంది. అది ఎక్స్‌రేలలో 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గీతలా కనిపిస్తుంది. బ్లాక్‌హోల్‌కి దగ్గరయ్యేకొద్దీ ఆ గీత తక్కువ శక్తి వైపు సాగి తోకలా అవుతుంది. తోక పొడుగ్గా ఉందంటే వాయువు బాగా లోపలిదాకా వెళ్తున్నట్టు. బ్లాక్‌హోల్ బరువుకి వంపు తిరిగిన ఆ చోట ఒక్కో కాంతి కిరణం ఏ దారిన బయటపడుతుందో లెక్క కట్టడమే నా పని. అందరికీ పొడుగ్గా వచ్చిన తోక నాకు పొట్టిగా వచ్చింది. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. సంతోషం వచ్చింది.

తప్పు ఎక్కడంటే, కొన్ని పుస్తకాల్లో కాలానికి మైనస్, దూరానికి ప్లస్ రాస్తారు. కొన్నిట్లో దానికి తిరగేసి రాస్తారు. రెండూ కరెక్టే, కానీ కలపకూడదు. నేను ఒకదాంట్లోంచి ఇంకోదానికి మార్చేటప్పుడు అన్ని గుర్తులూ మార్చి, సమీకరణంలో బ్లాక్‌హోల్ తిరగడానికి సంబంధించిన పదం ఒక్కటి వదిలేశాను. దాంతో బ్లాక్‌హోల్ ఒకవైపు, వాయువు ఎదురువైపు తిరగడం మొదలుపెట్టాయి. 21 సూర్యుళ్ళ బరువున్న బ్లాక్‌హోల్ గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే, దాంతోపాటు తిరిగే వాయువు లెక్క ప్రకారం సుమారు 31 కిలోమీటర్ల దాకా లోపలికి రాగలదు. ఎదురు తిరిగేదైతే 280 దగ్గరే పట్టు తప్పి లోపలికి పడిపోతుంది. మరి తోక పొట్టిగా రాక ఏమవుతుంది!

సరిచూసుకోలేదా అని మీరు అడుగుతారు. చూసుకున్నాను నాన్నా, ఒట్టు. బ్లాక్‌హోల్ అసలు తిరగనట్టు పెట్టి చూశాను, పాత లెక్కతో చక్కగా కలిసింది. కలవకేం, సున్నాని ప్లస్‌తో గుణించినా మైనస్‌తో గుణించినా సున్నాయే. ఎనిమిదో తరగతి పిల్లలకి మీరు చెప్పే పాఠం.

నా పక్క సీటు అమ్మాయి సరదాకి బ్లాక్‌హోల్ నీడ బొమ్మ, అంటే చుట్టూ ఉన్న వెలుగు మధ్య కనిపించే నల్లటి మచ్చ, గీయమంది. గీశాను. తిరిగే బ్లాక్‌హోల్ నీడ ఒక పక్క కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. నాది రెండో పక్క నొక్కుకుపోయి వచ్చింది. ఇద్దరం స్క్రీన్ వైపు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా సారు కోప్పడలేదు. "నాకూ ఒకసారి అయింది" అన్నారు. ఎక్కడ, ఎప్పుడు అనేది మాత్రం చెప్పలేదు. ఫెలోషిప్ ఇంకా 14 నెలలుంది. అమ్మా, వచ్చేయమని మళ్ళీ అనకు. నువ్వంటే నిజంగా వచ్చేయాలనిపిస్తుంది.

ఇంకోటమ్మా. ఎక్స్‌రేలతో పని, ఒంటికి మంచిది కాదు అంటున్నావట, తమ్ముడు చెప్పాడు. నా దగ్గర ఎక్స్‌రేలు లేవే. ఆకాశం నుంచి వచ్చేవాటిని గాలే ఆపేస్తుంది, ఒక్కటీ నేల దాకా రాదు. అందుకే 1964లో సిగ్నస్ ఎక్స్-1ని కనిపెట్టడానికి రాకెట్ పంపాల్సి వచ్చింది, ఇప్పుడైతే ఉపగ్రహాలున్నాయి. నా దగ్గరికి వచ్చేవి అంకెలే. వాటివల్ల పాడయ్యేది కళ్ళు, నిద్ర. ఆ రెండూ చూసుకుంటున్నాను.

నాన్నా, నక్షత్రాల లెక్కలు కట్టిన శాస్త్రవేత్త చంద్రశేఖర్ కథ చెప్పి నన్ను ఓదార్చాలని చూడకండి. 1935లో పేరున్న ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఆయన్ని అందరి ముందు ఎగతాళి చేసిన మాట నిజమే, 1983లో నోబెల్ వచ్చిన మాటా నిజమే. కానీ ఆయన లెక్క తప్పు కాదు. నాది తప్పు. ఆ కథ నాకు సరిపోదు.

శనివారం ఇక్కడి పెద్ద శ్మశానానికి నడుచుకుంటూ వెళ్ళాను. అమ్మకి ఈ ముక్క చదివి వినిపించకండి. ష్వార్జ్‌షీల్డ్ సమాధి అక్కడే ఉంది. ఒకప్పుడు ఈ గోటింగెన్ అబ్జర్వేటరీకే డైరెక్టర్ ఆయన. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఉండి, ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ సమీకరణాలకి, తిరగని బ్లాక్‌హోల్‌కి పనికొచ్చే పరిష్కారాన్ని 1915 డిసెంబర్లో ఐన్‌స్టైన్‌కే ఉత్తరంలో రాసి పంపాడు. నా లెక్క కలిసింది దాంతోనే. తిరిగేదానికి పరిష్కారం కెర్ అనే గణిత శాస్త్రవేత్తకి దొరికేసరికి 1963 వచ్చింది. నేను పడింది కూడా ఆ తిరుగుడు దగ్గరే కదా అనుకుని నవ్వొచ్చింది. ఈ వారంలో నవ్వింది అప్పుడే.

మన గ్లోబు ఉందా? స్టాండు విరిగిందని ఎవరికైనా ఇచ్చేశారా? అగ్గిపుల్లని ఉత్తర ధ్రువం దగ్గర పెట్టి, పక్కకి తిప్పకుండా భూమధ్యరేఖ దాకా జరిపించేవారు. ఆ రేఖ వెంబడి పావు చుట్టు, మళ్ళీ పైకి. బయల్దేరిన చోటికే వచ్చేసరికి పుల్ల అడ్డంగా తిరిగి ఉండేది. "ఎవరు తిప్పారే దాన్ని?" అనేవారు. నేనే కదిపేశాననుకుని ఏడ్చేదాన్ని. తిప్పింది గ్లోబు వంపే అని మీరు చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు రోజంతా చేసేది ఆ పుల్లని జరపడమే, నాలుగు కొలతల్లో. ఈసారి మాత్రం నిజంగా నేనే కదిపాను.

గుర్తు సరిచేసి కోడ్ మళ్ళీ నడుపుతున్నాను. తోక అందరిలాగే పొడుగ్గా వస్తోంది. కొత్తేమీ లేదు, కానీ కరెక్టుగా ఉంది.

తమ్ముడి పరీక్షలెప్పుడో రాయమనండి. గ్లోబు పారేయకండి. బాబాయికి మీరేం చెప్పొద్దు, ఆదివారం నేనే ఫోన్ చేస్తాను.

మీ
చిన్ని