గెడ్డలోకి మెట్లు

పర్లాకిమిడి

బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకి నడుంనొప్పి తగ్గిందని రాశావు, మా ఇంట్లో అందరం సంతోషించాం. ఇక అసలు సంగతి. తోట వెనక వాగుంది కదా, ఆ గెడ్డలోకి మెట్లు కట్టిస్తానంటున్నావు, మా మెట్లు ఇన్ని వరదలకి ఎలా ఆగాయని అడిగావు. తీరిక చేసుకుని కూర్చో, ఒక పేజీలో తేలే వ్యవహారం కాదిది.

వరద వచ్చి మెట్లని ఈడ్చుకుపోతుందని అందరూ అనుకుంటారు. నీళ్లు ఎక్కేటప్పుడు అంత భయం లేదురా, తీసేటప్పుడే ముప్పు. మా గెడ్డ పోయి మహేంద్రతనయ నదిలో కలుస్తుంది కదా, కొండల్లో గట్టి వాన పడితే రాత్రికి రాత్రి పొంగుతుంది, పొంగినంత తొందరగానూ తీస్తుంది. గట్టు మాత్రం అంత తొందరగా ఆరదు. లోపలి మట్టి నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది, బయట దాన్ని ఆనుకుని ఉండాల్సిన నీళ్లేమో పోయాయి. లోపలి నీళ్లు బయటికి దారి వెతుక్కుంటాయి. నువ్వు ఆ దారి సిమెంటుతో మూసేస్తే మెట్లనే ముందుకు తోసేస్తాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది చూడు, అప్పుడు ఎదురు గట్టున ఇదే జరిగింది. వరద ఉన్నంతసేపూ ఆ మెట్లు నిలబడే ఉన్నాయి. నీళ్లు తీశాక, ఎండ కూడా కాస్తుంటే, నున్నగా గచ్చు చేసిన వరస వరసంతా విరక్కుండా ఒకే పలకలా గెడ్డలోకి వాలిపోయింది. దాని వెనక కోసుకుపోయిన మట్టిలోంచి బురదనీళ్లు ఇంకా ఊరుతూనే ఉన్నాయి. కట్టించినాయన మేస్త్రిని నానా తిట్లూ తిట్టాడు. పాపం అతను సిమెంటు తక్కువేమీ వెయ్యలేదు. ఎక్కువే వేశాడు, అదే తంటా.

అందుకని మావి సిమెంటు లేకుండా పెద్ద రాళ్లు పేర్చిన మెట్లు. ఒక్కో రాయి కదపాలంటే ఇద్దరు ముగ్గురు గునపాలు వెయ్యాల్సిందే. రాళ్ల కిందా వెనకా అడుగు మందాన కంకర, కంకరకీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ, అదే నీళ్లని వదిలి మట్టిని ఆపేది. ఆ గుడ్డ దగ్గర పిసినారితనం చెయ్యకు. అది లేకపోతే నీళ్లతోపాటు సన్నమట్టి కంకరలోంచి జారిపోయి, మెట్టు కింద బొరియ పడుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, కాలు వేశాకే తెలుస్తుంది. కాదు, మాకు సిమెంటు మెట్లే కావాలని చెల్లెమ్మ పట్టుబడితే, లోపలి నీళ్లు బయటికి పోయేలా గట్టులోంచి మెట్ల ముందుకి పీవీసీ గొట్టాలు పెట్టించు. లోపలి కొస చుట్టూ కంకర ఉండాలి, లేకపోతే మట్టి పూడిపోతుంది.

అన్నిటికంటే డబ్బు పెట్టాల్సింది అట్టడుగు మెట్టు మీద. ఎండాకాలంలో గెడ్డ అడుగున ఇసుక పరుచుకుని కదలకుండా కనిపిస్తుంది, దాన్ని నమ్మకు. వరద ఉధృతంలో ఆ ఇసుకంతా లేచి గొయ్యి పడుతుంది, నీళ్లు తగ్గుతుంటే మళ్లీ పూడుకుంటుంది. మనం వెళ్లి చూసేసరికి మామూలే! అందుకే మా మేస్త్రి అడుగు బండ తగిలేదాకా తవ్వించి, అక్కడి నుంచి గోడ లేపాడు. సిమెంటు వాడింది ఆ ఒక్క చోటే. గోడ ముందు పెద్ద గుండ్రాళ్లు వదులుగా పోయించాడు. కింద గొయ్యి పడితే అవి అందులోకి దిగి గోడని కాస్తాయి. మీ దగ్గర బండ తగలకపోతే ఇనప వల పెట్టెల్లో రాళ్లు నింపి పరిపించు. కొంచెం కుంగినా విరగవు.

చోటు కూడా చూసుకోవాలి. గెడ్డ వంపు తిరిగేచోట బయటివైపు గట్టు కోసుకుపోతుంది, లోపలివైపు ఇసుక మేట వేస్తుంది. మెట్లు లోపలివైపే పెట్టు. గట్టులోకి తొలిచి కట్టాలి, ప్రవాహంలోకి ముక్కు పొడుచుకురాకూడదు. మెట్ల ముఖం నీళ్లు పోయే దిక్కుకి కాస్త ఏటవాలుగా ఉంటే ఇంకా మంచిది. ఇనప రెయిలింగు ఊసెత్తకు. కొట్టుకొచ్చే దుంగలూ చెత్తా దానికే పట్టుకుంటాయి, ఆ బరువుకి రెయిలింగుతోపాటు రాళ్లూ లేస్తాయి. వానాకాలానికి ముందు విప్పేసే తాడు చాలు.

రాయి విషయానికొస్తే, మా కొండల్లో ఎర్రగా చుక్కలు చుక్కలుగా ఉండే ఖోండలైట్ చవగ్గా దొరుకుతుంది. కోణార్క గుడికి ఎక్కువగా వాడింది ఆ జాతి రాయే, ఎంత అరిగిపోయిందో మనం కలిసే చూశాం కదా. రోజూ తడిసి ఆరే చోటుకి పనికిరాదు. మేం నల్లరాయి తెప్పించాం. మేస్త్రి ప్రతి రాయినీ సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే మెట్టుకి, బొదబొదమంటే వెనక పూడికకి. నీకైతే టెక్కలి దగ్గరే, గ్రానైట్ క్వారీల్లో పక్కన పడేసిన దిమ్మలు అడిగి చూడు. పాలిష్ పలకలు మాత్రం వద్దు, పాచి పట్టిందంటే నడుంనొప్పి ఈసారి నీకు.

మెట్టు ఎత్తు 6 అంగుళాలు, వెడల్పు 13 పెట్టాం. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 25 దాకా వస్తే నీళ్ల బిందెతో ఎక్కినా అడుగు తడబడదు. అన్నీ ఒకే కొలతలో ఉండాలి. ఒక్కటి అర అంగుళం తేడా ఉన్నా కాలు తన్నుకుంటుంది. నీళ్లు నిలవకుండా ప్రతి మెట్టుకీ ముందుకి కొద్దిగా వాటం ఇప్పించు. పై నుంచి వచ్చే వాననీళ్లు మెట్ల మీదుగా దిగకుండా పక్కగా చిన్న కాలవ తియ్యి. రెండు పక్కలా వట్టివేరు, వావిలి నాటించు. వట్టివేరు వేళ్లు నిలువుగా లోతుకి దిగి మట్టిని పట్టుకుంటాయి, వావిలిని మేకలు ముట్టవు.

ఇంకోటి, గెడ్డ గట్టు పోరంబోకు అయితే ముందే తహసీల్దారు ఆఫీసులో అడుగు. తర్వాత టెన్షన్ పడే బదులు ఇప్పుడే ఒక పూట పోతే పోయింది.

సంక్రాంతి వెళ్లాక గెడ్డ బాగా తగ్గుతుంది, అప్పుడు మొదలెడితే రథయాత్రలోపు తీరిగ్గా అయిపోతుంది. మా మేస్త్రి వస్తానంటున్నాడు, రానూపోనూ ఖర్చులు, భోజనం నీవే. ఫాల్గుణంలో వాళ్లింట్లో పెళ్లి ఉందట, ఎప్పుడు రమ్మంటావో తొందరగా రాయి. గట్టు ఎత్తెంతో, కిందటి వరద ఎంతదాకా వచ్చిందో చెట్ల మీద మరక చూసి కొలిచి పంపు.

నీ
బావ