ముందు సభ, తర్వాతే సంతకం

సంపాదకుల వారికి నమస్కారం.

తెనాలి దగ్గర ఒక పల్లెలో నేను వార్డు సభ్యురాలిని. మా ఊళ్లో గ్రామసభ తీర్మానాల పుస్తకం సభకు రాదు, ఇళ్లకు వస్తుంది. మొన్న అంట్లు తోముతున్నదాన్ని లేచి, చెయ్యి తుడుచుకుని చూశాను. పైన తేదీ వేసి ఉంది. కింద అప్పటికే సంతకాలు, ఊదా రంగు వేలిముద్రలు. మధ్యలో పేజీ అంతా ఖాళీ. ‘‘విషయం తర్వాత రాసుకుంటాంలే అమ్మా, మీరు సంతకం పెట్టండి’’ అన్నారు. నేను పెట్టలేదు.

చీరాల అప్పట్లో మన గుంటూరు జిల్లాలోనే ఉండేది. మున్సిపాలిటీ వద్దు, ఆ పన్నులు మోయలేమని 1921లో చీరాల, పేరాల జనం ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట పాకల్లో నెలల తరబడి ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు వాళ్లను ముందుండి నడిపించారు. పన్ను ఒక్కటే కాదు, మమ్మల్ని అడక్కుండా మా ఊరి సంగతి మీరెలా తేలుస్తారన్న పట్టుదల కూడా అందులో ఉందని నా నమ్మకం. తెల్లవాళ్లు వెళ్లిపోయి వాళ్ల పాలనా పద్ధతి మిగిలితే అది స్వరాజ్యం కాదని గాంధీ గారు 1909లోనే ‘హింద్ స్వరాజ్’లో రాశారు.

పల్లె మీద గాంధీ గారికున్న నమ్మకం అంబేద్కర్ గారికి లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెల సంకుచితత్వాన్ని గట్టిగా ఎండగట్టారు. ఎప్పుడన్నా సభ జరిగినా మా ఎస్సీ కాలనీ వాళ్లు రోడ్డు అవతలే నిలబడతారు. వాళ్లను చూస్తే ఆయన మాట ఎంత నిజమో తెలుస్తుంది. అలాగని సభే వద్దనుకుంటే వాళ్లకున్న ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. అందుకే సభను కాలనీ బడిలో పెట్టమని అడుగుతున్నాను.

73వ సవరణతో 1993లో గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది. దాని అధికారాలు తేల్చే పని మాత్రం 243-ఎ అధికరణం రాష్ట్ర శాసనసభకు వదిలింది. కాబట్టి మన ఎమ్మెల్యేలనే అడుగుతున్నాను. వారం ముందే చాటింపు వేయించాలి. జమాఖర్చులు అందరికీ వినపడేలా చదవాలి. తీర్మానం రాసి, చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలి. ఈలోగా, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టనన్న సభ్యులను ఎవరూ ఇబ్బంది పెట్టకుండా జిల్లా అధికారులు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలని మనవి.

– ఒక వార్డు సభ్యురాలు, గుంటూరు జిల్లా