చి. బుజ్జికి

అమ్మ ఆశీస్సులు. నాన్న షుగర్ అదుపులోనే ఉంది. గుంటూరులో ఎండలు ముదిరాయి, బ్రాడీపేటలో పంపు నీళ్ళు పొద్దున ఒక్క పూటే. ఆవకాయ భారతి పిన్ని చేత పంపాను, అందిందో లేదో ఒక్క ముక్క చెప్పవు. వార్డులో ఎవరో బాలింత అత్తగారిని నువ్వు కసిరావని పిన్నే అంది. నిజమా అని నేనడగను.

పద్మక్క కోడలికి సిజేరియన్ అయింది కదా. డిశ్చార్జి రోజు నర్సు "నీళ్ళు బాగా తాగమ్మా" అంటే తలూపి వచ్చేసింది. ఇంట్లో రోజుకి రెండు గ్లాసులే. నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయని అక్క పట్టు. నాలుగో రోజుకి మూత్రం మంట, మలబద్ధకం, కళ్ళు తిరగడం. ఇంటికొచ్చిన ఏఎన్ఎం నర్సమ్మ కోడలికి ఏమీ చెప్పలేదు. అక్క పక్కన కూర్చుని, "మీ కాన్పులప్పుడు ఏం పెట్టారు, ఏం వద్దన్నారు, ఎందుకన్నారు?" అని అడిగింది. వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, చెవులకి గుడ్డ, వీటి జోలికే పోలేదు. "చన్నీళ్ళు వద్దన్నారు, సరే. వాము వేసి కాచి, గోరువెచ్చగా గంటకో గ్లాసు మీ చేత్తో ఇవ్వండి" అంది. మూత్రం పరీక్షకి మాత్రం ఆ రోజే పంపింది. అక్క గంట కొట్టినట్టు ఇచ్చింది! మన అక్క సంగతి తెలుసుగా, పని తనకప్పగిస్తే చాలు.

మీ వార్డులో ఆ అత్తగారు కూడా ఏదో భయంతోనే అని ఉంటుంది. వెల్లుల్లి కారం మీద గొడవ పడ్డావంటే, ముర్రుపాలు పిండి పారబోసేటప్పుడు నీ మాట ఎవరూ వినరు. అక్కడ తగ్గకు. తేనె నాకిస్తామన్నా అంతే. ఏడాది లోపు బిడ్డకి తేనెతో బోట్యులిజం అనే జబ్బు రావచ్చు, కండరాలు చచ్చుబడతాయి. ఆ కారణం విడమర్చి చెప్పు, ఊరికే వద్దంటే నీ వెనక నాకిస్తారు.

తలూపితే అర్థమైందనుకోకు. "ఇంటికెళ్ళి మీ అత్తకి ఎలా చెప్తావు?" అని అడిగి, చెప్పించు. తండా మనిషికి తెలుగు సరిగా రాకపోతే చిన్న కొడుకుని మధ్యలో పెట్టి నెలసరి సంగతులు అడగొద్దు. లంబాడీ వచ్చిన ఆడ స్టాఫ్‌ని పిలువు, మిగతావాళ్ళని బయటికి పంపు.

కసిరే ఉంటే, రేపు రౌండ్స్ అయ్యాక ఆ అత్తగారి పక్కన స్టూలేసుకుని కాసేపు కూర్చో. నిలబడి మాట్లాడకు. నైట్ డ్యూటీకి అన్నం తినే వెళ్ళు, బిస్కెట్లతో సరిపెట్టకు.

అమ్మ