లెక్క చూసి చెప్పే పెద్దదిక్కు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో కొత్త పరిశ్రమల వార్త వస్తే ముందు అదే చదువుతాను. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్నవి అందులో ఉంటాయి. ఇప్పటికే ఇక్కడ నడుస్తున్న చిన్న యూనిట్లలో ఏది పదిమంది నుంచి వందమందికి ఎదిగింది, ఏది ఎదగబోయి మధ్యలో చతికిలబడింది అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ మధ్యలో చతికిలబడడం ఎలా ఉంటుందో అనుభవించినదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది అనంతపురం. 2014లో ఇంటి వెనుక రేకుల పంచలో ఒక గ్యాసు పొయ్యితో, ఇద్దరు ఆడవాళ్ల తోడుతో వేరుశనగ చిక్కీ మొదలుపెట్టాను. 2021లో కేంద్రం వారి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం కింద 35 శాతం రాయితీ మీద వేయించే యంత్రం, పొట్టు తీసే యంత్రం కొన్నాను. ఆ పథకం నాకు చేసిన మేలు మరిచిపోను. అప్పటికి ఆరుగురం, నెలకు టన్నున్నర సరుకు.

మరుసటి ఏడాది బెంగళూరు నుంచి ఒక కొనుగోలుదారు నెలకు నాలుగు టన్నులు కావాలన్నారు. ఇంట్లో పండగే అనుకోండి. కొత్తగా ఎనిమిది మందిని చేర్చుకున్నాను. సరుకు వెళ్లిన డెబ్బై అయిదు రోజులకు గానీ వాళ్ల డబ్బు రాదు. ఇక్కడ పప్పుకు రొక్కం ఇవ్వాలి, బెల్లానికి వారం గడువు, కూలి ప్రతి శనివారం. నాలుగో నెలకు నా గాజులు తాకట్టుకు వెళ్లాయి. అమ్మకం పెరిగేకొద్దీ చేతిలో డబ్బు ఎందుకు తగ్గుతోందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. బ్యాంకుకు వెళ్తే అప్పు పరిమితి పెంచుతామన్నారు. డబ్బు ఎక్కడ కారిపోతోందో చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు.

అప్పుడు మా బంధువుల ద్వారా ఒక పెద్దాయన వచ్చారు. ముప్పై ఏళ్లు నూనె మిల్లు నడిపి మానుకున్న మనిషి. కొత్త యంత్రాల వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. బస్తాలోంచి గుప్పెడు పప్పు తీసి అరచేతుల మధ్య నలిపారు, ఒక గింజ కొరికి చూశారు. "నీళ్లకు పప్పు ధర కడుతున్నావమ్మా" అన్నారు. తేమ పప్పు తూకానికి ఎక్కువ తూగుతుంది, వేయిస్తే తగ్గిపోతుంది, నిల్వ పెడితే బూజు పడుతుంది. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్న నాకు ఇప్పుడు ఇది వేలితో తాకితే తెలుస్తుంది. ఆ రోజు దాకా తెలియదు.

తర్వాత కూర్చుని, "కిలో చిక్కీ నీకు ఎంతకు పడుతోంది?" అని అడిగారు. నూట పద్దెనిమిది అన్నాను. ఒక అట్టపెట్టె మూత తిరగేసి పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. పప్పు, బెల్లం, కూలి నేను లెక్కవేసినవే. వేయించినప్పుడు పోయే తరుగు, పొట్టు, విరిగిపోయి పక్కన పడే ముక్కలు, లారీ బాడుగ, డెబ్బై అయిదు రోజుల వడ్డీ నేను వేయనివి. అడుగున నూట ముప్పై నాలుగు తేలింది. నేను అమ్ముతున్నది నూట ముప్పై ఒకటికి. కిలోకు మూడు రూపాయల చొప్పున నాలుగు టన్నుల మీద నెలకు పన్నెండు వేలు నా చేతులారా పోగొట్టుకుంటున్నాను. ఆ అట్టముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఆయన మాట మీద సరఫరా రెండున్నర టన్నులకు తగ్గించాను, కిలోకు అయిదు రూపాయలు పెంచమని అడిగాను. చిత్తూరు మండీలో బెల్లం వ్యాపారిని ఆయనే పరిచయం చేశారు, కిలోకు ఆరు రూపాయలు కలిసొచ్చింది. ఇంకొకటి కూడా చెప్పారు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, మనలాంటి తయారీదారుకు కొన్నవారు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి. దాటితే చక్రవడ్డీ ఇవ్వాలి. చిన్న పరిశ్రమగా కేంద్రం ఇచ్చే గుర్తింపు, ఉద్యమ్ నమోదు పత్రం, అప్పటికే నా దగ్గర ఉంది. అది చేతిలో ఉండగా ఇంతటి హక్కు ఉందని నాకు చెప్పినవారు లేరు. కొనుగోలుదారు నెల రోజులు ముభావంగా ఉండి చివరికి ఒప్పుకున్నారు. పద్నాలుగు నెలల పాటు ఆ పెద్దాయన ప్రతి పదిహేను రోజులకూ వచ్చి పుస్తకాలు చూశారు. ఈ రోజు మా షెడ్డులో ఇరవై ఆరుగురు పనిచేస్తున్నారు.

శిక్షణ తరగతులకూ వెళ్లాను. మూడు రోజులు శ్రద్ధగా రాసుకున్నాను. చెప్పినవారు చదువుకున్నవారే, మంచివారే. శనివారం సాయంత్రం కూలి ఇవ్వడానికి డబ్బు లేక నిలబడిన అనుభవం మాత్రం వారికి లేదు. కెన్యా రాజధాని నైరోబీలో ఆర్థికవేత్తలు ఇదే పరీక్షించి 2018లో ప్రచురించారు. దండోరా అనే పేట ఆడవాళ్లలో కొందరికి తరగతులు చెప్పించారు, కొందరికి అదే చోట వ్యాపారంలో నిలదొక్కుకున్న ఆడవాళ్లను జతచేశారు. జత దొరికినవారి లాభం సగటున 20 శాతం పెరిగింది, తరగతులు విన్నవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. సరుకు ఎక్కడ చవకగా దొరుకుతుందో చెప్పడమే ఎక్కువగా పనిచేసిందట. నాకు చిత్తూరు బెల్లం గుర్తొచ్చింది. జతలు విడిపోయాక ఆ లాభమూ తగ్గిపోయింది. అందుకే ఒక్కరోజు సదస్సు పెట్టి శాలువా కప్పి పంపితే ఏమీ ఒరగదని నా గట్టి నమ్మకం.

పెద్ద స్థాయిలోనూ ఇదే దారి. 1997లో పుట్టిన ఎండీవర్ అనే సంస్థ లాటిన్ అమెరికాలో, ఎదిగే సత్తా ఉన్న వ్యాపారాలను ఎంచి వాటికి ఆరితేరినవారిని తోడు ఇవ్వడంతోనే మొదలైంది. 1999లో అర్జెంటీనాలో మొదలైన మెర్కాడో లిబ్రేకు తొలినాళ్లలో ఆ తోడు దొరికింది. ఇప్పుడది లాటిన్ అమెరికాలోనే అతి పెద్ద ఆన్‌లైన్ అంగడి.

మన దగ్గర అలాంటి పెద్దలు లేరా? ధర్మవరంలో పట్టు వ్యాపారులు ఉన్నారు. రాయదుర్గంలో ఒక్క కుట్టు మిషనుతో మొదలై జీన్స్ యూనిట్లు పెట్టినవారు, తాడిపత్రిలో బండలు పాలిష్ చేయించి దూర రాష్ట్రాలకు పంపేవారు, అరటి ఎగుమతి చేసేవారు ఉన్నారు. వందల అప్పు దరఖాస్తులు చూసి పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారులు ఉన్నారు. వారిని అడిగేవారే లేరు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటికి ఒక విడిభాగం చేసి ఇచ్చే స్థాయికి మన ఊరి వర్క్‌షాపు ఎదగాలంటే, నాణ్యత పరీక్షలు దాటినవారు ఎవరో ఒకరు పక్కన నిలబడాలి కదా.

రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ కేంద్రాల్లో ఒకటి అనంతపురానికి వచ్చింది. కొత్త ఆలోచనలతో వచ్చే పిల్లలకు అది అండగా ఉండాలి, సంతోషం. దానితో పాటు, అయిదారేళ్లుగా నడుస్తూ ఎదుగుదల దగ్గర తడబడుతున్న యూనిట్లకూ అక్కడ ఒక బల్ల వేయాలని కోరుతున్నాను. జిల్లా పరిశ్రమల కేంద్రం వారు పెద్దల జాబితా తయారు చేయాలి. ఒక్కో పెద్దకు ఇద్దరు ముగ్గురు యజమానులకు మించకుండా, కనీసం ఏడాది పాటు జత కలపాలి. సలహా పేరుతో యంత్రాలు, బీమాలు అమ్ముకునేవారిని దరిచేరనివ్వకూడదు. ఆడవాళ్ల యూనిట్‌కు వచ్చినవారు ఇంట్లో మగవారితో కాకుండా యజమానురాలితోనే మాట్లాడాలి. ఇది ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. నా షెడ్డుకు వచ్చి, నా ఎదుటే, మా ఆయనను లెక్కలు అడిగినవారు చాలామంది.

నాకు తెలిసినవి చిక్కీ, తరుగు లెక్క, బకాయి వసూలు, ఈ మూడే. జిల్లాలో తినుబండారాల యూనిట్ నడుపుతున్న ఆడవాళ్లు ఎవరైనా లెక్కల పుస్తకం తీసుకుని వస్తే, ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం వారి కోసం ఖాళీ పెట్టుకుంటాను. పరిశ్రమల కేంద్రం వారి జాబితాలో మొదటి పేరుగా నాది రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక చిక్కీ తయారీదారు,
అనంతపురం.