111 గెలిచినా ఇంటికేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆర్నెల్లు ఉండిపోదామని ఫిలడెల్ఫియాలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. బేస్‌బాల్ ఓనమాలు పదేళ్ల మనవడి దగ్గర దిద్దుకున్నాను. 2022 నవంబరు 5న హ్యూస్టన్‌లో మా ఊరి జట్టు ఫిలీస్ అక్కడి ఆస్ట్రోస్ చేతిలో 4-2తో వరల్డ్ సిరీస్ (ఇక్కడి బేస్‌బాల్ ఫైనల్) పోగొట్టుకుంది. అయినా ఇది ఓడినవాడి ఏడుపు కాదు. కొత్త పద్ధతి వల్ల బాగా లాభపడింది మా జట్టే.

2022 నుంచి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలకి, 10 జట్లకు బదులు 12 (రెండు లీగ్‌ల నుంచి ఆరేసి) వెళ్తున్నాయి. యజమానులు 14 అడిగితే ఆటగాళ్ల సంఘం బేరమాడి 12 దగ్గర ఆపింది. టీవీ డబ్బుల కోసం మజ్జిగలో నీళ్లు కలిపారని తిట్టేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. డబ్బు మాట నిజమే. కానీ పాత లెక్కయితే 87 విజయాల ఫిలీస్ అక్టోబరులో ఇంట్లో కూర్చునేది, 2011 తర్వాత ప్రతి ఏడూ కూర్చున్నట్టే. అక్టోబరు 23న వాన పడుతుండగా, 3-2తో వెనకబడి ఉండగా, తొమ్మిదింట్లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా బ్రైస్ హార్పర్ ఎడమవైపు స్టాండ్స్‌లోకి బంతి కొట్టాడు, ఆ దెబ్బతో వరల్డ్ సిరీస్‌కి చేరాం. సోఫా మీద నిలబడి అరుస్తున్న మనవణ్ణి దిగమనడానికి కోడలికి కూడా నోరు రాలేదు. ఆరో జట్టుకి తలుపు తీయడం తప్పని నేననలేను.

తప్పంతా, పై జట్లు మొదటి అంచె ఆడకుండా నేరుగా అడుగుపెట్టే రెండో అంచెలో ఉంది. లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ 162లో 111 గెలిచారు. అదే డివిజన్‌లో వాళ్లకంటే 22 తక్కువ గెలిచిన శాన్ డియేగో పాడ్రెస్ అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1తో వాళ్లను ఇంటికి పంపింది. సీజన్‌లో ఈ రెండూ 19 సార్లు తలపడితే 14 డాడ్జర్స్‌వే! 101 గెలిచిన అట్లాంటా బ్రేవ్స్‌ని మేమూ అలాగే 3-1తో పంపాం. రోజూ ఆడే జట్టుకి అయిదు రోజుల సెలవిస్తే చెయ్యి మొద్దుబారిందని కొందరంటారు. అదే సెలవు తీసుకున్న ఆస్ట్రోస్ కప్పు ఎత్తారు కదా!

అసలు చిక్కు బంతి విసిరే పిచ్చర్ల దగ్గరుంది. 162 మ్యాచ్‌లు ఈదాలంటే అయిదుగురు వంతులేసుకోవాలి. అయిదు మ్యాచ్‌లకి ముగ్గురు గట్టివాళ్లుంటే గడిచిపోతుంది. అంటే ఆర్నెల్లు ఒక పరీక్ష పెట్టి, చివర్లో వేరే సబ్జెక్టులో మార్కులు వేస్తున్నారు. మన ఐపీఎల్‌లో లీగ్‌లో మొదటి రెండు స్థానాల వాళ్లకు రెండో అవకాశం ఉంటుంది. 2022లో రాజస్థాన్ క్వాలిఫయర్‌లో గుజరాత్ చేతిలో ఓడినా ఫైనల్ చేరింది అలాగే. 14 మ్యాచ్‌ల లీగ్‌కే అంత మర్యాద ఉంటే 162కి ఎంత ఉండాలి?

రెండో అంచెని కూడా పై అంచెల్లాగే ఏడు మ్యాచ్‌లు చేయాలి. రోజులు చాలవంటే సీజన్‌లో నాలుగు తగ్గించుకోవచ్చు, 1960 దాకా ఉన్నవి 154 మ్యాచ్‌లే. టికెట్ల రాబడి పోతుందని యజమానులు గొణుగుతారేమో. ప్లేఆఫ్ టికెట్ ధర చూసి మా అబ్బాయి లాప్‌టాప్ మూసేసిన వైనం చూశాను గనుక నాకా బెంగ లేదు.

ఈ ఉత్తరం మనవడికి చదివి వినిపించాను. "ఏడైతే బ్రేవ్స్ మీద మనం ఓడిపోయేవాళ్లం తాతయ్యా!" అన్నాడు. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి (ప్రస్తుతం ఫిలడెల్ఫియా)