హౌల్స్ మూవింగ్ కాజిల్ స్టాక్ వచ్చిందండి, కొనే ముందు ఒక మాట

కస్టమర్లందరికీ నమస్కారం. మీలో చాలామంది అడుగుతున్న డయానా విన్ జోన్స్ నవల, 1986లో అచ్చయిన హౌల్స్ మూవింగ్ కాజిల్, మొత్తానికి మన విశాఖ ఎంవీపీ కాలనీ పుస్తకాల షాపుకి వచ్చింది. అమ్ముకోవడం నా పనే గానీ చదివేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తా.

ఈ నవల మీద జపాన్ దర్శకుడు మియజాకి తీసిన సినిమా చూసి అదే కథ కావాలనుకునేవాళ్ళు కాస్త ఆగండి. సినిమాలో యుద్ధం చాలా ఉంటుంది, బుక్‌లో ఎక్కువగా ఇంట్లో గొడవలే. మాంత్రికుడు హౌల్ గంటలకి గంటలు బాత్రూంలోనే ఉంటాడు, కథానాయిక సోఫీ సర్దుతూ సీసాలు అటూ ఇటూ చేసేసరికి జుట్టు రంగు తేడా వచ్చిందని ఒళ్ళంతా ఆకుపచ్చ జిగురు కారేంత ఏడుస్తాడు, ఆ సీన్‌కి కౌంటర్లో కూర్చుని పైకే నవ్వేశాను. హౌల్ కోట తలుపు పిడి ఒక రంగుకి తిప్పితే రాజధాని, ఇంకో రంగుకి తిప్పితే పోర్ట్‌హేవెన్ అనే రేవు ఊరు, అది చదువుతుంటే నాకైతే మన వన్ టౌన్ సందులే కనిపించాయి.

కానీ నాకు బాగా పట్టుకున్నది సోఫీ. మన కథల్లోనూ అంతే కదా, రాజుగారికి ముగ్గురు కొడుకులంటే గెలిచేది చిన్నోడే. సోఫీ ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దది, ఇక తనకి ఏదీ కలిసి రాదని ఫిక్సయిపోయి, నాన్న పోయాక టోపీల షాపులో కూర్చుని, టోపీలు ముస్తాబు చేస్తూ వాటితోనే మాట్లాడుకుంటూ ఉంటుంది. ఆ మాటల్లో మంత్రం ఉందని తనకే తెలీదు! మంత్రగత్తె శపించి ముసలమ్మని చేశాక గానీ పిల్లకి భయం పోయి నోరు లేవదు. తమ్ముడికి గైడు కొనడానికొచ్చి, నవలల ర్యాక్ దగ్గర నిలబడి, వెనక అట్ట మొత్తం చదివి మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయే అక్కల్ని రోజూ చూస్తుంటాను. అమ్మా, ఈసారి ఇది తీసుకోండి, మీకోసం.

నచ్చనిది కూడా చెప్తా. చివరి చాప్టర్లలో రచయిత్రి కథలో ముడులన్నీ ఒకేసారి విప్పేస్తుంది, ఎవరు ఎవరో అర్థంకాక వెనక్కెళ్ళి చదవాల్సొచ్చింది. మా దగ్గరున్నవి ఇంగ్లీషు కాపీలే, టెన్త్ పిల్లలు హాయిగా చదివేస్తారు, అంతకంటే చిన్నవాళ్ళకైతే పక్కన కూర్చుని చదివి పెట్టండి.

ఒక కాపీ అద్దెకి కూడా పెడుతున్నా. సముద్రం గాలికి పేజీలు చెమ్మెక్కి ఉబ్బిపోతున్నాయి, ప్లాస్టిక్ అట్ట వేసే ఇస్తాను, దయచేసి బీచ్‌కి మాత్రం పట్టుకెళ్ళకండి. కొనేవాళ్ళు వాట్సాప్‌లో పేరు పెడితే పక్కన తీసి ఉంచుతా.