కాపీ విని చూశాకే సీడీ పారేయండి

సంపాదకుల గారికి,

హన్మకొండ చౌరస్తాలో చాలా ఏళ్లు క్యాసెట్లు, సీడీలు అమ్మిన మనిషిని నేను. షాపు తీసేసినా, సీడీల్లోని పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇమ్మని ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు. ఈ మధ్య జనగామ వైపు నుంచి ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చాడు. వాళ్ల నాన్న ఒగ్గు కథ చెప్పేవాడు. ఐనవోలు మల్లన్న జాతరలో ఆయన చెప్పిన కథను అప్పట్లో ఎవరో రికార్డు చేసి సీడీల్లో రైట్ చేసి ఇచ్చారట. ఒక కంప్యూటర్ సెంటర్‌లో వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించుకొని, సీడీలు పాత సామానోడికి వేసేశారు. తెరిచి చూస్తే ఒక్కో ఫైలు 44 బైట్లే, అంటే దాదాపు ఖాళీ. కథ ఎక్కడా లేదు. ఆ కొడుకుకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇలా ఇంకెవరికీ జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆడియో సీడీలో మనకు అలవాటైన ఫైళ్లు ఉండవు. విండోస్‌లో సీడీఏ అని కనిపించేవి ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. వాటిని లాగి పెన్‌డ్రైవ్‌లో వేస్తే పాట రాదు. పైగా ఆ సీడీ ఇంకా డ్రైవ్‌లోనే ఉంటే నొక్కగానే మోగుతుంది, పని అయిపోయిందనుకుంటాం. ఎంపీ3 సీడీల్లో ఉన్నవి మాత్రం నిజంగా ఫైళ్లే, మామూలుగా కాపీ అవుతాయి. జనం పొరపాటు పడేది ఇక్కడే.

ఆడియో సీడీని రిప్ చేయాలి, అంటే అందులోని శబ్దాన్ని చదివి ఫైళ్లుగా మార్చాలి. విండోస్ మీడియా ప్లేయర్‌లోనే ఆ సౌకర్యం ఉంది. గీతలు పడ్డ సీడీలకు నేను ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఒకే చోటును మళ్లీ మళ్లీ చదివి, తేడా వస్తే ఏ పాటలో ఎక్కడో చెబుతుంది. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. సీడీ తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. సేవ్ చేసేటప్పుడు ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకాన్ని ఎంచుకోండి. సీడీలో శబ్దం నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది. ఫ్లాక్‌లో అది సుమారు సగానికి తగ్గుతుంది కానీ శబ్దంలో ఏమీ పోదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే సీడీలో ఉన్నదానిలో పదకొండో వంతుకు వస్తుంది, తాళాల మోతలో ఆ నష్టం చెవికి తెలిసిపోతుంది. మెమరీ చవకైన ఈ రోజుల్లో అంత పిసినారితనం ఎందుకు?

సినిమా పాటల గురించి నాకు బెంగ లేదు. చుక్క సత్తయ్య గారి లాంటి పేరున్న కళాకారుల కథలైనా ఎక్కడో ఒక చోట దొరుకుతాయి. మన ఊళ్ల బతుకమ్మ పాటలు, భజన మండళ్ల తత్వాలు, పేరు రాని ఒగ్గు కళాకారుల కథలు మాత్రం ఇంట్లో రైట్ చేసిన సీడీల్లోనే ఉన్నాయి. కంపెనీ సీడీలా కాకుండా వీటిలో శబ్దం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండకు, వేడికి ఆ పొర పాడైతే ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కంప్యూటర్‌లో ఈ సీడీలకు పేర్లు వాటంతట అవి రావు, ట్రాక్ 1, ట్రాక్ 2 అనే వస్తాయి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి టైప్ చేసుకోండి. కాపీలు రెండు చోట్ల పెట్టుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే రావడం లేదు, పల్లెల వాళ్లు ఎక్కడికి పోవాలి? జిల్లా గ్రంథాలయాల్లో ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలించి, పని తెలిసిన ఒకరిని వారానికి ఒక పూట కూర్చోబెడితే చాలు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి కాపీ చేసుకోనిస్తుంది. నెట్‌లో పెట్టాలన్నా, అమ్మాలన్నా కళాకారుడినో, వాళ్ల కుటుంబాన్నో అడగాల్సిందే. హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పుట్టింది. పుస్తకాల కోసం అంత ముందే ఆలోచించిన ఊరు మనది. పాటల కోసం ఈ చిన్న ఏర్పాటు చేయాలని వరంగల్, హన్మకొండ, జనగామ జిల్లాల గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. పిలిస్తే నేను వచ్చి నేర్పిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

— ఒక పాత క్యాసెట్ల షాపు యజమాని, హన్మకొండ